'ఒరిజినల్ మాస్టర్ రికార్డింగ్' పట్టీ గారికి

మహారాజశ్రీ పట్టీ గారి దివ్య సముఖమునకు,

పాటంటే చెవి కోసుకునే ఒక శ్రోత వ్రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి. తమరు కాలిఫోర్నియాలో క్షేమమని, పాత ఆల్బమ్‌లను మళ్లీ అచ్చొత్తి అమ్మే మొబైల్ ఫిడెలిటీ కంపెనీవారి రికార్డు అట్టల నెత్తిన యథాప్రకారం ఈ చివర నుంచి ఆ చివరదాకా కాళ్లు బారచాపుకుని శయనించి ఉన్నారని తలుస్తాను. కింద బొమ్మలో ఉన్నది మైల్స్ డేవిస్ కానీండి, మైకేల్ జాక్సన్ కానీండి, పైన మాత్రం మీరే. పాడినవాడికన్నా మీ పేరు చూసి కొన్నవాళ్లే ఎక్కువేమోనని నాకో అనుమానం.

మీ రికార్డుల నడుమ కంప్యూటరు దూరిందని 2022లో రేగిన గొడవ ఇప్పుడెందుకు తవ్వడం అంటారేమో. మీరు అమ్మినదేమిటో ఇప్పటికీ సరిగ్గా తేలలేదు గనక తవ్వుతున్నాను.

మిమ్మల్ని చూసినవాళ్లు ఏమనుకున్నారంటే, స్టూడియోలో తయారైన అసలు టేపుకీ తమ ఇంటి రికార్డు ప్లేయరు సూదికీ మధ్య ఏ కంప్యూటరూ కాలు పెట్టలేదని. మీరు కాదనలేదు. మౌనం అర్ధాంగీకారం అన్నారు కదా పెద్దలు. ఆ మౌనం ఖరీదు, 'వన్-స్టెప్' అనే మీ మేలురకం రికార్డు పెట్టె ఒక్కింటికి అప్పట్లో 125 డాలర్లు.

పాటను అంకెలుగా మార్చకుండా టేపు మీదున్నది ఉన్నట్టే గాడిలోకి దిగాలనే అనలాగ్ భక్తుల మడి మీకు తెలియనిది కాదు. రికార్డు కొనేముందు పెళ్లిచూపులకు వచ్చినట్టు కూర్చుని ప్రవర అడుగుతారు. ఏ టేపు, అసలుదా దాని నకలా? గాడి కోసిన ఇంజనీరు ఎవరు? బరువు 180 గ్రాములేనా? అన్నీ అయ్యాక గొంతు తగ్గించి అసలు ప్రశ్న: వంశంలో ఎక్కడైనా ఒకట్లూ సున్నాలూ కలిశాయా? కలిశాయంటే సంబంధం అక్కడితో సరి. పిల్ల పాట వినేదాకా కూడా ఆగరు. అలాంటివాళ్లకు మీరు ఏళ్ల తరబడి నచ్చారంటే మామూలు సంగతా!

మీ గుట్టు ఎలా రట్టయిందో తలుచుకున్నప్పుడల్లా నాకు నవ్వాగదు. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' 1982లో వచ్చింది. నలభై ఏళ్లకు మీవాళ్లు దాన్ని వన్-స్టెప్‌లో 40,000 కాపీలు వేస్తామని ప్రకటించారు. మామూలుగా అయితే మెత్తటి పూత పూసిన 'లాకర్' అనే పళ్లెం మీద గాడి కోసి, దాని మీదనుంచి లోహపు అచ్చులు మూడు తరాలు తీసి, చివరి తరంతో రికార్డులు అచ్చొత్తుతారు. వన్-స్టెప్‌లో నడిమి తరాలు ఎగరగొట్టి, లాకర్ మీదనుంచి తీసిన మొదటి అచ్చుతోనే ఒత్తేస్తారు. ధ్వని శుభ్రంగా ఉంటుందంటారు, ఉంటుంది కూడా. కానీ ఒక్కో కోతకు వచ్చే కాపీలు బాగా తగ్గిపోతాయి. అలాంటిది నలభై వేలంటే గాడి పదే పదే కోస్తూ ఉండాలి. కోసినప్పుడల్లా ఆ నలభై ఏళ్ల టేపును మళ్లీ తిప్పాలి. ఏ కంపెనీ తన బంగారు బాతును అన్నిసార్లు తిప్పనిస్తుంది?

అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లో రికార్డుల కొట్టు నడిపే మైక్ ఎస్పొసిటో ఆ జులైలో మీవాళ్లు డిజిటల్ వాడుతున్నారన్న సంగతి వీడియోలో బయటపెట్టాడు. మీవాళ్లు ఆయన్ని సెబాస్టపోల్‌లోని తమ స్టూడియోకి పిలిపించుకున్నారు. కెమెరా ముందు ఇంజనీర్లు ఒప్పుకున్నారు: టేపును ముందు డీఎస్‌డీ అనే డిజిటల్ రూపంలోకి ఎక్కించి, దాని నుంచి గాడి కోస్తున్నామని. ఎప్పటినుంచయ్యా అంటే, 2011 నుంచి.

పదకొండేళ్లు, పట్టీ గారూ! స్పీకరు తీగ మారిస్తే గిటారు మరో గదిలోకి జరిగినట్టు వినబడిందని ప్రమాణం చేసే చెవులు అవి. డిజిటల్ వాసన వీధి మలుపులోనే పసిగడతామన్న చెవులు. అవే చెవులు మీ రికార్డులు పెట్టుకుని కళ్లు మూసుకుని, 'ఇదీ అనలాగ్ వెచ్చదనమంటే' అని తలూపాయి. చివరికి మిమ్మల్ని పట్టిచ్చింది చెవి కాదు, గుణకారం.

దీన్నిబట్టి చెవులు చెడ్డవని నేననను. అవి విన్నది నిజమే, రికార్డులు బాగానే ఉన్నాయి. డీఎస్‌డీ 256 అంటే ధ్వనిని సెకనుకు కోటీ పన్నెండు లక్షలసార్లకు పైగా నమూనా తీయడం. సీడీలో అది 44,100 సార్లు. పైగా మీవాళ్ల వాదనలో పస ఉంది. పెద్ద కంపెనీలు అసలు టేపుల్ని గడప దాటనివ్వవు, కాబట్టి పరికరాలు మూటగట్టుకుని టేపు ఉన్నచోటికే వెళ్లి ఎక్కించుకు రావడమే దారి. ఆ పని ఒద్దనుకుంటే మిగిలేది టేపుకు తీసిన టేపు. ఒక్కో నకలుకీ కాస్త బుసబుస, కాస్త మసక. మడి మాత్రం చెడదు! డెబ్బైలనాటి టేపులైతే కొన్ని జిగురు కారి తిరగనని మొరాయిస్తాయి. వాటిని తక్కువ వేడి మీద గంటల తరబడి కాచి, ఆరినాక తిప్పుతారు. అలాంటివాటిని ఎన్నిసార్లు తిప్పమంటారు?

ఇదంతా 2011లోనే అట్ట మీద వేసి ఉంటే పదిమంది తిట్టేవారు, తొంభైమంది విని కొనేవారు. మీరు తొంభైమందినీ వదిలేసి ఆ పదిమందికోసం వేషం కట్టారు.

ఇంత చేసినా మీకన్నా ఘనుడొకడున్నాడు, మీ పొరుగునే ఉండే, పాత పాటకు కొత్త మెరుగు పెట్టామని చెప్పే 'రీమాస్టర్డ్' స్టిక్కరు. ఆయన దొంగతనం చెవికి స్పష్టంగా వినబడుతుంది, కేసు మాత్రం ఉండదు. మెల్లగా పాడినచోటునీ గట్టిగా పాడినచోటునీ ఒకే ఎత్తుకి తెచ్చి, మొత్తాన్నీ గోడలా నిలబెట్టడాన్ని ఆయన 'మెరుగుపరచడం' అంటాడు. ఈ తెగులు పాతవాటికే కాదు, కొత్తవాటికీ ఉంది: 2008లో రాక్ బృందం మెటాలికా కొత్త ఆల్బమ్ 'డెత్ మ్యాగ్నెటిక్' సీడీ ఎంత నొక్కేసి వచ్చిందంటే, గిటార్ హీరో వీడియో గేమ్‌లో ఉన్న అవే పాటలు ఎక్కువ ఊపిరి తీసుకుంటున్నాయని అభిమానులు పోల్చి చూపించారు. ఆల్బమ్ కన్నా ఆటబొమ్మ నయం! వినైల్ రికార్డు మీద అంత రొద కోయడం కుదరదు, గాడి వెడల్పై పాటల నిడివి తరిగిపోతుంది, లోపలి చుట్ల దగ్గర సూది బొంగురుపోతుంది. అందుకని చాలాసార్లు వినైల్‌కి వేరే మాస్టరింగ్, అంటే చివరి ధ్వని సర్దుబాటు, చేస్తారు. అనలాగ్ మహిమ అని మనం మురిసేదాంట్లో కొంత ఆ ఇంజనీరు చూపిన నిగ్రహమే.

మా దేశంలోనూ మీ వంశపు చెల్లెలొకామె ఉండేది. పేరు 'ఝంకార్', కాపురం క్యాసెట్ల మీద. పాత హిందీ పాటల మీద కొత్త డప్పు వాయించి అమ్మేది. అభిరుచి సంగతి అటుంచండి, నిజాయితీలో మాత్రం మీరు ఆమె కాలిగోటికి చాలరు. డప్పు కలిపామని అట్ట మీదే చెప్పి మరీ కొట్టేది.

సరే, మీ రికార్డులు కొన్నవాళ్లు కోర్టుకెక్కారు, 2.5 కోట్ల డాలర్ల విలువ కట్టిన రాజీ కుదిరింది. మీ గొడవ వల్ల వినైల్‌కి దిష్టి తగిలిందా అంటే అదీ లేదు. అదే 2022లో అమెరికాలో రికార్డులు 4.1 కోట్లు, సీడీలు 3.3 కోట్లు అమ్ముడయ్యాయి. రికార్డు సీడీని దాటడం 1987 తరువాత అదే మొదలు. మీవాళ్లు కూడా ఇప్పుడు ఏ టేపు, ఎంత వేగం, నడుమ ఏ డీఎస్‌డీ, అక్కడినుంచి ఏ కన్సోలు, ఏ కోత యంత్రం అని వరసగా రాస్తున్నారు. ఆ వరస చదువుతుంటే నాకు పాట విన్నంత హాయిగా ఉంది. నా కోరికల్లా ఒక్కటే. ఆ వివరాన్ని పైకి తెచ్చి, తమరు సర్దుకుని ఓ మూల కూర్చోండి.

అన్నట్టు ఆ రాజీ షరతులు మళ్లీ చదివాను. రికార్డు తిరిగిస్తే పూర్తి డబ్బు. ఉంచుకుంటే 5 శాతం నగదు, లేదా 10 శాతం కూపన్. ఆ కూపన్ ఆలోచన ఎవరిదోగాని చెయ్యెత్తి దండం పెట్టాలి. మోసపోయానని కేసు వేసినవాడు మళ్లీ మీ అంగడికే రాక ఎక్కడికి పోతాడని ఎంత నమ్మకం!

ఇట్లు,
తమ విధేయుడు,
సూది మార్చుకోవలసిన ఒక శ్రోత