లక్ష రూపాయల రిసీవర్ బొమ్మ కాదు సామీ

ఈ వారంలో అదే మెసేజ్ ఐదోసారి వచ్చింది. మొదట మా బామ్మర్ది పంపాడు, తర్వాత కాలనీ గ్రూపులో పడింది, ఆపై ఆఫీసువాళ్లు. "లక్ష రూపాయల రిసీవర్ ఆటబొమ్మ, పది లక్షల ప్రాసెసరే అసలు థియేటర్" అని పైన. రెండూ హోమ్ థియేటర్‌లో సినిమా సౌండ్‌ను విడదీసి స్పీకర్లకు పంచే పెట్టెలే. కింద ఆరు పాయింట్లు. చివర "పది మందికి పంపండి". నేను పంపను.

బరువైన బాక్సుకే మంచి సౌండ్ వస్తుందట. అలాగైతే మా అమ్మ రుబ్బురోలుకు స్పీకర్లు తగిలించాలి. రిసీవర్ బరువులో ఎక్కువ భాగం లోపలున్న, స్పీకర్లకు పవర్ ఇచ్చే యాంప్లిఫయర్‌ది. మామూలుగా ప్రాసెసర్‌లో అదే ఉండదు, విడిగా కొనాలి. ఆ ఖర్చు గురించి మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు.

అసలైన అట్మాస్, అంటే తల మీద నుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ పద్ధతి, ప్రాసెసర్‌లోనేనట. 2014 నుంచీ రిసీవర్లలో వస్తోంది. తర్వాతది చూద్దాం.

"ప్రాసెసర్ డాక్ శుభ్రం, తేడా వెంటనే తెలుస్తుంది." డాక్ అంటే డిజిటల్ అంకెలను సౌండ్ సిగ్నల్‌గా మార్చే చిప్పు. కొలిస్తే తేడా ఉంటుంది, కాదనను. కానీ అతి చిన్న శబ్దం నుంచి అతి పెద్ద శబ్దం దాకా 16 బిట్ల సీడీకే 96 డెసిబెల్స్ రేంజి ఉంది. మే నెలలో కర్నూలులో ఫ్యాను ఐదులో తిరుగుతూ, పక్కన కూలర్ గోల పెడుతుంటే, ఆ గోల కింద దాగిన తేడాను వినే చెవులు నాకైతే లేవు.

రిసీవర్ వాట్లు అబద్ధం అన్నారు చూడండి, అది మాత్రం నిజం. అట్టపెట్టె మీద 150 అని వేస్తారు. కింద చిన్న అక్షరాల్లో చూస్తే ఒక్క ఛానల్‌కు, 6 ఓమ్స్‌కు, 10 శాతం డిస్టార్షన్‌తో అని ఉంటుంది. అన్ని స్పీకర్లూ ఒకేసారి అరిస్తే అందులో సగం కూడా రాకపోవచ్చు. దానికి మందు ప్రాసెసర్ కాదు. ప్రీఅవుట్ (బయటి యాంప్‌కు సిగ్నల్ ఇచ్చే సాకెట్) ఉన్న రిసీవర్‌కు ఒక పవర్ యాంప్ తగిలిస్తే చాలు.

ఇక నా ఓపిక పోయిన చోటు: "ప్రాసెసర్ ఉంటే గది గురించి ఆలోచించక్కర్లేదు." మా హాలులో కింద బేతంచెర్ల బండలు, పైన స్లాబు, చుట్టూ బోడి గోడలు. చప్పట్లు కొడితే టింగుమని తిరిగొస్తుంది. గది పొడవు 12 అడుగులు, కాబట్టి 47 హెర్ట్జ్ దగ్గర గోడల పక్కన బేస్ మూలుగుతుంది, సరిగ్గా మధ్యలో కూర్చుంటే మాయమవుతుంది. బేస్ మాయమయ్యే ఆ గుంటను ఈక్వలైజర్‌తో పూడుద్దామని 6 డెసిబెల్స్ పెంచితే యాంప్ నాలుగు రెట్ల పవర్ తాగుతుంది, గుంట మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పది లక్షలు పెట్టినా అంతే. నేను చేసిందల్లా సబ్‌వూఫర్‌ను (బేస్ వాయించే స్పీకర్‌ను) సోఫా మీదికెక్కించి, ఒకటే బేస్ పాట పెట్టి, గోడ వెంబడి బండల మీద మోకాళ్లతో పాకడం. సమంగా వినిపించిన చోట సబ్‌వూఫర్ పెట్టాను. ఆ మధ్యాహ్నం మా ఆవిడ నవ్విన నవ్వు వీధి చివరి దాకా వినపడింది. సోఫా రెండడుగులు వెనక్కి జరిగింది, బండల మీదికి జంపఖానా వచ్చింది, వెనక గోడకు పాత బొంత వేలాడింది. డైలాగులు అర్థం కావడం మొదలైంది. అలా సరిచేసిన గదికి, పదిహేను స్పీకర్లున్నవాడికి ప్రాసెసర్ పనికొస్తుంది, కొనుక్కోనీ.

ఆరోది చదివి నవ్వు రాలేదు. "గుయ్‌మని శబ్దం వస్తే రిసీవర్ లోపమే. అప్పటిదాకా ఎర్త్ పిన్ను తీసేసి వాడండి." ఒరే నాయనా! ఆ పిన్ను ఉన్నది శబ్దం కోసం కాదు, ప్రాణం కోసం. లోపల లైవ్ తీగ జారి ఇనుప బాడీకి తగిలితే, ఎర్త్ ఉంటే ఫ్యూజు పోతుంది. లేకపోతే వాల్యూమ్ తిప్పబోయిన పిల్లవాడికి తగులుతుంది. ఆ గుయ్ చాలాసార్లు కేబుల్ టీవీ వైరు వెంట వచ్చే రెండో ఎర్త్ వల్ల వస్తుంది. వైరు పీకి చూడండి, ఆగితే దొంగ దొరికినట్టే. పైగా ప్రాసెసర్, పవర్ యాంప్ అని రెండు పెట్టెలు పెడితే, ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుళ్లు (ఇలాంటి గోలను రద్దుచేసే మూడు పిన్నుల వైర్లు) వాడితే తప్ప ఇలా రెండు ఎర్త్‌లు కలిసే లూపులు పెరుగుతాయే గాని తగ్గవు.

ఇంత రాశాక మా బామ్మర్దికి ఫోన్ చేశాను. "పిన్ను పోయిన వారమే తీసేశా బావా, సౌండ్ సూపర్" అన్నాడు. కొత్త ప్లగ్గు, స్క్రూడ్రైవర్ బ్యాగులో వేసుకున్నాను. వాళ్లింటికి బయల్దేరుతున్నా.