కొలిచిన లెక్క ఇంటికి రావాలి

2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో మన కాటులు రవికుమార్ స్వర్ణం గెలిస్తే ఒడిశాలోని బరంపురంలో మన తెలుగువాళ్లమంతా పొంగిపోయాం. 2018లో, 2023లో ప్రపంచకప్ హాకీ మన ఒడిశాలోనే జరిగింది. ఆటలంటే ఇంత అభిమానమున్న చోట, మన ఇంట్లో పదమూడేళ్ల ఆడపిల్ల రోజుకు ఎంతసేపు పరుగెత్తుతోందని అడిగితే మాత్రం జవాబు చెప్పగల తల్లిదండ్రులు అరుదు. నా బాధంతా అదే.

ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఆయాసం వచ్చేలా ఆడాలని, నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2016 లెక్కల ప్రకారం ప్రపంచవ్యాప్తంగా 11–17 ఏళ్ల పిల్లల్లో నూటికి 81 మందికి ఆ మాత్రం కదలిక లేదు. మగపిల్లల్లో 78 మందయితే ఆడపిల్లల్లో 85 మంది.

మన ఇళ్లలో ఈ తేడా ఎలా మొదలవుతుందో మనకు తెలియనిది కాదు. ఎనిమిదో తరగతిలోకి రాగానే "పెద్దదానివయ్యావు, ఇంకా ఆటలేమిటే?" అంటాం. డ్రిల్లు పీరియడ్‌ను లెక్కల మాస్టారు తీసుకుంటే మంచిదేలే అనుకుంటాం. బడి అయ్యాక ట్యూషను. ఒడియా మాధ్యమంలో చదివే పిల్లలకు మనం సాయంత్రాలు నడిపే తెలుగు తరగతులు కూడా సరిగ్గా ఆ ఆటల వేళకే పడుతున్నాయి. తెలుగు మానమని నేను అనను. ముందు అరగంట ఖోఖో ఆడించి, ఆ తర్వాత పద్యం చెప్పించమంటాను.

కొలవడానికి పద్ధతి లేదా అంటే, ఉంది. బడిపిల్లల దేహదారుఢ్యం కొలవడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఖేలో ఇండియా పరీక్షల్లో తొమ్మిదేళ్లు దాటిన పిల్లల చేత 50 మీటర్లు పరుగెత్తిస్తారు, 600 మీటర్లు పరుగో నడకో పూర్తి చేయిస్తారు. ఒక పెట్టెకు పాదాలు ఆనించి, కాళ్లు చాపి కూర్చోబెట్టి, మోకాళ్లు వంచకుండా చేతివేళ్లు ఎంత ముందుకు జరుగుతాయో చూస్తారు. చిన్న పిల్లలనైతే ఒంటికాలి మీద నిలబెట్టి ఎన్నిసార్లు తూలారో లెక్కిస్తారు. ఖర్చు లేని, తెలివైన పరీక్షలివి. కానీ ఆ అంకెలు ఖేలో ఇండియా యాప్‌లోకి ఎక్కి అక్కడే ఉండిపోతే బిడ్డకు ఒరిగేదేమిటి? లెక్కల్లో నాలుగు మార్కులు తగ్గితే బడికి పరుగెత్తే మనం, 600 మీటర్లకు పిల్లకు ఎంత సమయం పట్టిందని ఒక్కసారైనా అడిగామా?

ఫోనులో అడుగులు లెక్కపెట్టే పోటీలను నేను నమ్మను. పదివేల అడుగులన్న అంకె వైద్యులు పెట్టింది కాదు, 1960లలో జపానులో అమ్మిన ఒక పరికరం పేరుతో వ్యాపించింది. పైగా ఆ పోటీలో చేతికి గడియారమో జేబులో ఫోనో ఉన్నవారికే లెక్క. గుణుపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల పల్లెల నుంచి సైకిలు తొక్కుతూ హైస్కూలుకు వచ్చే అమ్మాయి శ్రమ అందులోకి రాదు. ఆ తొక్కుడు కూడా వ్యాయామమే. అసలు చాలామంది పిల్లలకు మిగిలిన వ్యాయామం అదొక్కటే. ఆ సైకిలును మూలన పెట్టించి, ఆటోలో పంపడం గొప్ప అనుకోకండి.

మన తెలుగు సంఘం కార్యవర్గానికి నా విన్నపం. ఉగాది సభలో పదో తరగతి మార్కులకు బహుమతులిస్తున్నాం, ఇవ్వండి. దానితోపాటు ఒక రిజిస్టరు కూడా పెట్టండి. జూన్‌లో ప్రతి బిడ్డ 600 మీటర్ల సమయం రాయండి, జనవరిలో మళ్లీ రాయండి. ఎవరి అంకెను వారి పాత అంకెతోనే పోల్చి, కాగితం మీద తల్లిదండ్రుల చేతికివ్వండి. ఎవరి బరువూ సభలో చదవకండి, ఆ ఒక్క అవమానంతో మైదానానికి శాశ్వతంగా దూరమయ్యే పిల్లలున్నారు. సంఘం భవనం ఆవరణను సాయంత్రం ఐదు నుంచి ఆరు వరకు ఆడపిల్లలకే వదిలేయండి. పిల్లలకు తోడుగా ఉండటానికి రోజుకు ఇద్దరు తల్లులు చాలు. మొదటి వారం నేను వస్తాను.