క్లాసుకు మెమరీ ఉండదా?

"క్లాసుకు మెమరీ కేటాయించరు, ఆబ్జెక్టుకే కేటాయిస్తారు. ప్రతి ఆబ్జెక్టుకూ వేరియబుళ్లతో పాటు మెథడ్లూ విడిగా ఉంటాయి. ప్రిమిటివ్‌లు స్టాక్‌లో, ఆబ్జెక్టులు హీప్‌లో ఉంటాయి. నల్ పెట్టగానే మెమరీ ఖాళీ అవుతుంది." జావా ఇంటర్వ్యూ నోట్సులో ఏళ్లుగా చేతులు మారుతున్న నాలుగు మాటలివి. నాలుగూ తప్పుదోవ పట్టించేవే. క్లాసు అంటే నమూనా, దాని ప్రకారం తయారయ్యేది ఆబ్జెక్టు, అది చేసే పనుల కోడు మెథడ్. ఇంట్, డబుల్ లాంటి సాదా విలువలు ప్రిమిటివ్‌లు. మెథడ్ నడిచినంతసేపే ఉండే మెమరీ స్టాక్, ఆబ్జెక్టుల ఉమ్మడి మెమరీ హీప్. నల్ అంటే 'ఏ ఆబ్జెక్టూ లేదు' అనే విలువ.

క్లాసును ఫైల్లో రాసి ఊరుకుంటే మెమరీ ఖర్చు కాదు, నిజమే. కానీ నడుస్తున్న ప్రోగ్రాం ఆ క్లాసును లోడ్ చేశాక దాని వివరాలు, మెథడ్ల బైట్‌కోడు (కంపైల్ అయిన కోడు) ఎక్కడో ఉండాలి కదా! జావా ప్రోగ్రాంలను నడిపే సాఫ్ట్‌వేర్‌ను జేవీఎం అంటారు, హాట్‌స్పాట్ అలాంటిదొకటి. అందులో ఆ చోటు మెటాస్పేస్. 2014లో జావా 8తో వచ్చింది. అంతకుముందు అదే పనికి పెర్మ్‌జెన్ అనే చోటు ఉండేది. అది నిండి సర్వర్లు కూలడం చూసినవారెవరూ క్లాసుకు మెమరీ ఉండదనరు. స్టాటిక్ వేరియబుళ్లకూ అంతే, ఒక్క ఆబ్జెక్టు పుట్టకపోయినా చోటు ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది రెండో మాట. ఖాతా అనే క్లాసులో ఇంట్ (పూర్ణాంకం) రకం నంబరు, డబుల్ (దశాంశ సంఖ్య) రకం నిల్వ ఉన్నాయనుకుందాం. 64 బిట్ల హాట్‌స్పాట్ జావా 17లో, మామూలు సెట్టింగులతో, హెడర్‌కు (ప్రతి ఆబ్జెక్టు మొదట జేవీఎం ఉంచుకునే సమాచారానికి) 12 బైట్లు, ఇంట్‌కు 4, డబుల్‌కు 8. మొత్తం 24. ఇదే క్లాసుకు వంద మెథడ్లు చేర్చండి, ఆబ్జెక్టు సైజు అప్పుడూ 24 బైట్లే. పది లక్షల ఖాతాలు సృష్టించినా మెథడ్ల కోడు ఒక్కచోటే ఉంటుంది. ఏ ఖాతా మీద పిలిచామో ఆ ఖాతా రిఫరెన్సు (ఆబ్జెక్టును చూపే గుర్తు) 'దిస్' రూపంలో మెథడుకు అందుతుంది. ఇది తెలియక, మెమరీ ఆదా అవుతుందన్న ఆశతో మంచి డిజైనును చెడగొట్టి మెథడ్లన్నిటినీ స్టాటిక్ చేసేవారిని చూస్తే బాధ కలుగుతుంది.

మూడో మాటకు జవాబు పై లెక్కలోనే ఉంది. నిల్వ ప్రిమిటివే, అయినా ఆబ్జెక్టు లోపలిది కాబట్టి హీప్‌లోనే ఉంటుంది. స్టాక్ మాట వర్తించేది మెథడ్‌లోని లోకల్ వేరియబుళ్లకే. ఇక ఆబ్జెక్టులన్నీ హీప్‌లోనే ఉండాలన్నది ఓఓపీ (ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్) సూత్రమేమీ కాదు. సీ ప్లస్ ప్లస్‌లో 'న్యూ' లేకుండా ఫంక్షన్‌లో ప్రకటించిన ఆబ్జెక్టు స్టాక్ మీదే ఉంటుంది.

నల్ సంగతి. అది తెంచేది ఒక్క రిఫరెన్సునే. చివరి రిఫరెన్సు పోయినా, మెమరీ ఎప్పుడు తిరిగి తీసుకోవాలో వాడుకలో లేని ఆబ్జెక్టులను తొలగించే జేవీఎం భాగమైన గార్బేజ్ కలెక్టరే నిర్ణయిస్తుంది. అదే ఆబ్జెక్టును ఒక స్టాటిక్ మ్యాప్ (విలువలను పేర్లతో జతచేసి దాచే పట్టిక) ఇంకా పట్టుకుని ఉంటే మీ వేరియబుల్‌కు ఎన్నిసార్లు నల్ పెట్టినా అది కదలదు. అలాంటి మ్యాప్‌లో చేర్చడమే తప్ప తీసివేయడం లేకపోతే, గార్బేజ్ కలెక్టర్ ఎంత శ్రమించినా హీప్ నిండక మానదు.