ర్యాంపు దగ్గరే ఆగిపోతే ఎలా?

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చినప్పుడు గుర్తింపు పొందిన వైకల్యాల సంఖ్య ఏడు నుంచి 21కి పెరిగింది. ఆటిజం, డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది) వంటివి అప్పుడే ఆ జాబితాకెక్కాయి. ప్రభుత్వోద్యోగాల్లో దివ్యాంగులకు కేటాయించే 4 శాతంలో ఒక శాతం ఈ స్థితులున్నవారికీ, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికీ దక్కాలని 34వ సెక్షన్ చెబుతోంది. కానీ అలా ఉద్యోగంలో చేరిన వ్యక్తి పగలంతా కూర్చోవలసిన గది ఎలా ఉండాలన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు. సుగమ్యత, అంటే దివ్యాంగులు అడ్డంకుల్లేకుండా వాడుకోగల వీలు, అనగానే మన ఇంజినీర్లకు ర్యాంపు, లిఫ్టు, ప్రత్యేక మరుగుదొడ్డి గుర్తుకొస్తాయి. అవి అత్యవసరం; అవైనా సరిగ్గా లేని కార్యాలయాలు ఇంకా ఎన్నో ఉన్నాయి. అయినా, చెవికీ కంటికీ ఏకాగ్రతకూ అడ్డుపడేవి కూడా అడ్డంకులేనని ఒప్పుకోనంతకాలం ఈ చట్టం సగం దారిలో ఆగినట్లే.

ఆటిజం ఉన్న చాలామందికి అక్కర్లేని శబ్దాన్ని వినీ విననట్లు వదిలేయడం సాధ్యం కాదు. పక్క బల్ల దగ్గరి ఫోను సంభాషణ, ఏసీ హోరు, ప్రింటరు చప్పుడు అన్నీ ఒకే తీవ్రతతో మీద పడతాయి. పాత తరహా చోకుతో పనిచేసే ట్యూబులైటు మన 50 హెర్ట్జ్ విద్యుత్తు మీద సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. ఎక్కువమంది దాన్ని గమనించను కూడా గమనించరు, కొందరికి మాత్రం మధ్యాహ్నానికే తలనొప్పి మొదలవుతుంది. ఏకాగ్రత నిలవడం కష్టమయ్యే ఏడీహెచ్‌డీ ఉన్న ఉద్యోగికి వీపు వెనుక నడిచే ప్రతి మనిషీ ఒక ఆటంకమే. సందర్శకులు, ఫైళ్లు, ఫ్యాన్ల మోత మధ్య నడిచే మన రెవెన్యూ, పురపాలక కార్యాలయాల్లో పని చేయలేకపోయిన వ్యక్తిని అసమర్థుడని తేల్చేసే ముందు ఆ గదిని కూడా ఒకసారి పరీక్షించడం న్యాయం.

హైదరాబాద్ ఐటీ కారిడార్‌లోని అద్దాల భవనాల్లో సమస్య రూపం వేరు. గోడలు లేని పెద్ద హాళ్లు అక్కడ మామూలు విషయం. గోడలు తీసేస్తే ఉద్యోగులు ఎక్కువగా మాట్లాడుకుంటారన్నది వాటికి చెప్పే సమర్థన. హార్వర్డ్ పరిశోధకులు రెండు సంస్థల్లో పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో అలాంటి మార్పు తర్వాత ముఖాముఖి సంభాషణలు దాదాపు 70 శాతం తగ్గాయి, ఈమెయిళ్లు పెరిగాయి. దీనికి తోడు, కొన్ని రోజులు ఇంట్లో, కొన్ని రోజులు ఆఫీసులో పనిచేసే హైబ్రిడ్ విధానం వచ్చాక కొన్ని సంస్థలు సొంత సీటును కూడా తీసేసి, ఏ రోజు సీటు ఆ రోజే యాప్‌లో బుక్ చేసుకోమంటున్నాయి. ఎక్కడ కూర్చోవాలో, పక్కన ఎవరుంటారో ముందే తెలియడం మీద ఆధారపడి రోజును నెట్టుకొచ్చే వ్యక్తికి ఇది ప్రతి ఉదయం కొత్త పరీక్ష. హెడ్‌ఫోన్లు ఇచ్చి చేతులు దులుపుకోవడం పరిష్కారం కాదు. భవనం చేసిన తప్పు భారాన్ని ఉద్యోగి మీద మోపడమే అవుతుంది.

చేయవలసినది అంతుచిక్కనిదేమీ కాదు. నాడీ వైవిధ్యాన్ని, అంటే ఆటిజం, ఏడీహెచ్‌డీ వంటి మెదడు పనితీరులోని తేడాలను, దృష్టిలో ఉంచుకుని భవనాల రూపకల్పన ఎలా ఉండాలో బ్రిటన్ ప్రమాణాల సంస్థ 2022లోనే ‘పాస్ 6463’ పేరుతో మార్గదర్శకం వెలువరించింది. వెలుతురు, శబ్దం, రంగులు, నేల మీది నమూనాలు, దారి సూచికలు అన్నీ అందులో ఉన్నాయి. శబ్దాన్ని పీల్చుకునే పైకప్పు పలకలు, మినుకుమనని దీపాలు, వెనుక గోడ ఉన్న స్థిరమైన సీటు, సమావేశాలకు ఎవరూ ఆక్రమించుకోని ఒక నిశ్శబ్ద గది... నిర్మాణ దశలోనే అనుకుంటే వీటికయ్యే అదనపు ఖర్చు భరించలేనిది కాదు. కట్టాక మార్చాలంటేనే భారం.

అడిగిన వారికి ఇస్తాం కదా అని యాజమాన్యాలు అనవచ్చు. అడగాలంటే ముందు తన స్థితిని పై అధికారికి చెప్పుకోవాలి; పదోన్నతి పోతుందన్న భయంతో ఎంతోమంది ఆ పని చేయరు. పెద్దయ్యాక గానీ తమ స్థితికి పేరు తెలియనివారూ ఉన్నారు. ఏడీహెచ్‌డీ అయితే చట్టంలోని జాబితాలో పేరుగా లేనే లేదు. ఉద్యోగికి తగిన సదుపాయాలు కల్పించాలన్న 20వ సెక్షన్ నేరుగా బాధ్యత మోపేది కూడా ప్రభుత్వ సంస్థల మీదే. అందుకే ధ్రువపత్రం అడగకుండా అందరికీ పనికొచ్చేలా భవనమే ఉండాలంటున్నాం.

దివ్యాంగులకు సుగమ్యత కోరుతూ రాజీవ్ రాతూరి వేసిన కేసులో 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు, సుగమ్యత ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదంటూ ఈ చట్టం కింద 2017లో చేసిన నిబంధనల్లోని 15(1)ను కొట్టివేసి, తప్పనిసరి ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను తయారుచేసింది హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయ వైకల్య అధ్యయన కేంద్రమే. శబ్దం, వెలుతురు, నిశ్శబ్ద గదులకు ఆ తప్పనిసరి ప్రమాణాల్లో చోటుండాలి. ఢిల్లీ కోసం ఎదురుచూడకుండా రెండు తెలుగు రాష్ట్రాలూ తమ భవన నిర్మాణ నిబంధనల్లో వీటిని చేర్చి, పెద్ద కార్యాలయ భవనాలకు వాడుక అనుమతి పత్రం (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) ఇచ్చే ముందు తనిఖీ చేయించవచ్చు. ఆ నిబంధనలు రాసే సంఘంలో ఆటిజం, ఏడీహెచ్‌డీ ఉన్న ఉద్యోగులకు స్థానం కల్పించాలి. ఇప్పటికే నడుస్తున్న కార్యాలయాల్లో పని మొదలుపెట్టడానికి మాత్రం కొత్త నిబంధన ఏదీ అక్కర్లేదు. మినుకుమనే దీపాలు మార్చి, ఒక గదిని ప్రశాంతంగా ఉంచడం జిల్లా కలెక్టర్ల చేతిలో ఉన్న పనే.