ఎర్ర కాలిపర్ గారి అలకపాన్పు

గౌరవనీయులైన ఎర్ర కాలిపర్ గారికి,

నమస్కారాలు. చక్రంతోపాటు తిరిగే డిస్కుని పట్టకారులా నొక్కి ఆపే బ్రేకు భాగం కదా తమరు! మీరు మా కారు ముందు చక్రాల్లో కాలు పెట్టి ఎనిమిది నెలలైంది. నొక్కడానికి ఆరు పిస్టన్లు, 330 మిల్లీమీటర్ల డిస్కు, ఆ డిస్కు నిండా జల్లెడలా చిల్లులు. పాలు పోసే అబ్బాయి కూడా వంగి చూసి వెళ్తున్నాడు. ఇంత అందగాడైన అల్లుడు మా సెల్లార్‌లో ఇంకెవరికీ లేడు. ఆ మాట ఒప్పుకున్నాకే మిగతా సంగతులు రాస్తున్నాను.

పెళ్లిచూపుల్లో మీ ధర ఒక్కటే చెప్పారు. అలకపాన్పు ఎక్కుతారని చెప్పలేదు. మీరు మా 14 అంగుళాల చక్రంలో పట్టరట, 17 అంగుళాల అల్లాయ్ చక్రాలు కావాలన్నారు. వాటికి మళ్లీ దోసెలా పలచటి టైర్లు. పాత రబ్బరు గొట్టాలు మీ హోదాకి తగవని స్టీలు అల్లిక గొట్టాలు. పిస్టన్లు పెద్దవి కాబట్టి మీరు తాగే ఆయిల్ ఎక్కువ, పెడల్ తొక్కితే దాన్ని పంపే మాస్టర్ సిలిండర్ మాత్రం పాతదే. పాపం, అదెంతని పంపుతుంది? పెడల్ ఇదివరకటికంటే వేలెడు కిందికి దిగితే గానీ మీలో చలనం లేదు. ఈ లాంఛనాలన్నీ జరిపేసరికి చేతిలో డబ్బు అయిపోయి, కొట్టువాడు చూపించినవాటిలో అన్నిటికంటే చవక టైర్లు కొన్నాను.

కొంప మునిగింది అక్కడే. కారుని ఆపేది మీరు కాదట కదా! మీరు ఆపేది చక్రాన్ని. కారుని ఆపేది టైరు, అందులోనూ రోడ్డుకి ఆనే ఆ అరచేతంత మేర. నా పాత బ్రేకు గట్టిగా తొక్కినా, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కాలి కింద గడగడలాడేది. అంటే చక్రాన్ని పట్టేసే బలం ఆ బక్క బ్రేకుకే ఉంది. టైరు పట్టు వదిలేశాక పిస్టన్లు ఆరుంటే ఏమిటి, అరవై ఉంటే ఏమిటి?

మీ ప్రతాపం కొలుద్దామని పరీక్ష కూడా పెట్టాను లెండి. మీరు రాకముందు ఆదివారం ఒకసారి, వచ్చాక ఆదివారం ఒకసారి, తెల్లారుజామున ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఖాళీ సర్వీసు రోడ్డు మీద. మా ఆవిడ ముగ్గుడబ్బా అడక్కుండా పట్టుకెళ్లి రోడ్డుకి అడ్డంగా గీత గీశాను. అరవై మీద రావడం, గీత దగ్గర తొక్కడం, దిగి అంగలు లెక్కపెట్టుకోవడం. పాత బ్రేకుతో ఇరవై మూడు అంగలు. మీతో ఇరవై ఐదు. మూడుసార్లు చూశాను, ఇరవై ఐదే. తప్పంతా చవక టైర్లదే కాదు. ముందు చక్రాల్లో మీరు అంత హడావుడి చేస్తుంటే వెనక చక్రాల డ్రమ్ము బ్రేకుల దాకా పని వెళ్లేదెప్పుడు? లక్షన్నర ఖర్చుపెట్టి రెండు అంగలు ముందుకెళ్లిన మనిషిని మా వంశంలో నేనే. ముగ్గు సంగతి మా ఆవిడకి ఇంకా తెలీదు.

మీరు పనికిమాలినవారని నేననను. వేగం రెట్టింపైతే బ్రేకు మింగాల్సిన వేడి నాలుగింతలవుతుంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద మలుపు మలుపుకీ తొక్కుతూ తిరిగేవాళ్లకి చిన్న డిస్కు కాసేపటికే చేతులెత్తేస్తుంది, మీరు నిలబడతారు. కానీ నేను తిరిగేది హైదరాబాద్ ట్రాఫిక్‌లో, కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట. అక్కడ బ్రేకు వేడెక్కదు, మనిషి వేడెక్కుతాడు. డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీలకి గానీ మరగదు, తేమ పీల్చాక 155కే మరగొచ్చు; మరిగిందా, బ్రేకు పట్టదు. రెండేళ్లకోసారి అది మార్చి, నాలుగు మంచి టైర్లు వేసుకుంటే మీతో వియ్యం అవసరమే ఉండేది కాదు. అయితే ఆయిల్ ఎర్రగా బయటికి కనబడదు కదండీ!

పోనీ ఘాట్ రోడ్డులోనైనా మీ పరువు నిలుస్తుందనుకున్నాను. ఆ మధ్య తిరుమల వెళ్లాం. దిగేది 1944 నాటి పాత దారి. ముందు సీట్లో మా మామగారు, ఆర్టీసీలో శ్రీశైలం రూటు నడిపి రిటైరైన మనిషి. మీరున్నారన్న ధీమాతో నేను కాలు బ్రేకు మీదే ఉంచి దిగుతున్నాను.

"వాసనొస్తోంది బాబూ," అన్నారాయన.

"ఇంత పెద్ద డిస్కుకా మామయ్యగారూ?"

"డిస్కు పెద్దదైతే మీరు కాలు తియ్యక్కర్లేదా? ఎక్కిన గేరులోనే దిగాలి. సెకండ్ వెయ్యండి."

వేశాను. ఇంజనే కారుని పట్టుకుని దింపింది. అల్లుడుగారు మాత్రం పొగలు కక్కుతూ ఊరికే కూర్చున్నారు.

తిరుగు ప్రయాణంలో కర్నూలు దాటాక, రాత్రి పదకొండింటికి, ఒక గుంత. పలచటి టైరు కదా, ముందు ఎడమది ఠప్పుమంది. డిక్కీలోంచి స్టెప్నీ తీశాను. పద్నాలుగు అంగుళాలది. ముందు బిగించబోతే మీ నెత్తికి తగిలి ఠంగుమంది. ఎన్ని రకాలుగా తిప్పినా అదే ఠంగు. చివరికి వెనక చక్రం ఊడదీసి ముందు వేసి, స్టెప్నీని వెనక వేశాం. కొత్తల్లుడు పాత మంచం మీద పడుకోనంటే ఇంటిల్లిపాదీ మంచాలు మార్చుకున్నట్టు! రెండుసార్లు జాకీ ఎత్తాం. పక్కనుంచి లారీ వెళ్లినప్పుడల్లా జాకీ మీద కారు ఊగుతోంది. మామగారు ఫోన్ లైటు పట్టుకుని నిలబడ్డారు. ఒక్క మాటైనా అంటే బాగుండేది. అనలేదు. బోల్టులు లెక్కపెట్టి నా చేతికిచ్చారు.

ఇట్లు,
ఇంకా పదహారు వాయిదాలు కట్టాల్సి ఉన్న
మీ మామ

తా.క.: వెనక డ్రమ్ముల మీద అతికించే ఎర్ర ప్లాస్టిక్ కాలిపర్ తొడుగులు కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. మీకు తోడల్లుళ్లుగా ఉంటారని మా అబ్బాయి రెండు ఆర్డర్ పెట్టాడు.