స్పీడు స్లైడరు గారికి బహిరంగ విన్నపం

మహారాజశ్రీ, డ్రోన్ ఎగిరే దారిని ముందే గీసే మిషన్ ప్లానింగ్ యాప్‌లో కొలువుదీరిన స్పీడు స్లైడరు గారి దివ్యసముఖానికి, డ్రోన్ ఫోటోలు కుట్టి పటం చేసేవాళ్లం నమస్కరించి రాసుకునేది ఏమనగా: ఇక్కడ మేం క్షేమంగా లేం. తమరు మాత్రం ఎప్పటిలాగే సెకనుకు 15 మీటర్ల దగ్గర క్షేమంగా ఉన్నారని తలుస్తున్నాం.

తమరిని కుడి చివరికి జరపడంలో ఉన్న సుఖం మాకు తెలియనిది కాదు. 31 నిమిషాలని చూపించే మిషన్ ఒక్క వేలి తాకిడికి 22కి దిగుతుంది. రెండు బ్యాటరీల పని ఒక్కదానితో ముగుస్తుందని పైలట్ ముఖం వెలిగిపోతుంది. ఆ వెలుగు ఫోటోల్లో పడదు, అదే చిక్కు.

కోపగించుకోనంటే ఒక మాట. తమరు అసలు ఎంచుకోవాల్సిన అంకె కాదు, లెక్క తీరాక మిగిలే అంకె. పటంలో ఎంత చిన్న వస్తువు కనబడాలో ముందు తేలాలి. దాన్నిబట్టి ఒక్కో పిక్సెల్‌కు నేల మీద ఎన్ని సెంటీమీటర్లు రావాలో, అంటే జీఎస్‌డీ, తేలుతుంది. జీఎస్‌డీ ఎత్తును నిర్ణయిస్తుంది. ఎత్తుకు ఓవర్‌ల్యాప్, అంటే ఒక ఫోటోలోని నేల పక్క ఫోటోలో మళ్లీ పడే శాతం, తోడైతే ఫోటోకీ ఫోటోకీ మధ్య దూరం వస్తుంది. ఆ దూరాన్ని కెమెరాకు కావలసిన సెకన్లతో భాగిస్తే వచ్చేది తమరు. వరసలో ఆఖరున నిలబడాల్సినవారు పీట వేసుకుని ముందు కూర్చున్నారన్నమాట.

ఉదాహరణ కావాలా? సెన్సర్ వెడల్పు 13.2 మి.మీ., లెన్సు 8.8 మి.మీ., ఫోటో 5472 × 3648 పిక్సెళ్లు. 100 మీటర్ల ఎత్తులో ఒక పిక్సెల్ సుమారు 2.7 సెం.మీ., ఒక ఫోటో 150 × 100 మీటర్ల నేల. ఎగిరే దిశలో ఓవర్‌ల్యాప్, అంటే ముందు ఓవర్‌ల్యాప్, 80 శాతం కావాలంటే ప్రతి 20 మీటర్లకు ఒక ఫోటో. కెమెరా రెండు సెకన్లకు ఒకటి తీస్తుందనుకుంటే తమరి గరిష్ఠ హోదా సెకనుకు 10 మీటర్లు. 15 దగ్గర కూర్చుంటే ఫోటోల మధ్య దూరం 30 మీటర్లవుతుంది, 80 శాతం కాస్తా 70 అవుతుంది. కొన్ని యాప్‌లు ఇక్కడ తమరిని పట్టి ఆపుతాయి. ఆపనివాటి గురించే ఈ లేఖ.

ఓవర్‌ల్యాప్ సరిపోయినా మసక ఉండనే ఉంది. షట్టర్ తెరిచి ఉన్నంతసేపట్లో డ్రోన్ జరిగిన దూరమే మసక: వేగాన్ని షట్టర్ సమయంతో గుణించండి, అంతే. 15 మీటర్ల వేగానికి 1/200 సెకను షట్టర్ తోడైతే 7.5 సెం.మీ., అంటే దాదాపు మూడు పిక్సెళ్లు. అదే 10 మీటర్లు, 1/1000 అయితే ఒక్క సెంటీమీటరు, అర పిక్సెల్ లోపే. అర పిక్సెల్ దాటకపోతే హాయి, ఒకటి దాటితే పని చెడినట్టే. మిట్టమధ్యాహ్నం షట్టర్‌ను కెమెరా ఇష్టానికి (ఆటో మోడ్‌లో) వదిలేసినా గడిచిపోతుంది గానీ, మబ్బు పట్టగానే కెమెరా చడీచప్పుడు లేకుండా షట్టర్‌ను మందగింపజేస్తుంది. అందుకే షట్టర్ సమయాన్ని ఒకచోట బిగించి, ఐఎస్‌ఓను, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే తీవ్రతను, పెరగనివ్వాలి. కాస్త గరుకు ఫోటోలో సాఫ్ట్‌వేర్ గుర్తులు వెతుక్కోగలదు, సాగిపోయిన ఫోటోలో వెతుక్కోలేదు.

మెకానికల్ షట్టర్ లేని కెమెరాల దగ్గర తమరి ప్రతాపం ఇంకో రకం. సెన్సర్ ఒక్కో వరసగా చదువుతుంది. మొదటి వరస నుంచి చివరి వరసకు 40 మిల్లీసెకన్లు పడితే, 10 మీటర్ల వేగంలో డ్రోన్ ఆలోగా 40 సెం.మీ. ముందుకెళ్లిపోయి ఉంటుంది. ఫోటో చూడ్డానికి పదునుగానే ఉంటుంది, కొలతలో మాత్రం వంకర. సాఫ్ట్‌వేర్‌లో దిద్దుబాటు ఉంది, పూర్తిగా దిద్దుతుందన్న హామీ లేదు.

తమరి వియ్యంకులు ఎత్తు స్లైడరు గారూ తక్కువ తినలేదు. వారు చెప్పే 100 మీటర్లు డ్రోన్ లేచిన చోటు నుంచి, కింద ఉన్న నేల నుంచి కాదు. మధ్యలో 40 మీటర్ల గుట్ట ఉంటే దాని నెత్తిన మిగిలేది 60 మీటర్లే. ఫోటో 90 × 60కి కుంచించుకుపోతుంది, కానీ డ్రోన్ పాత లెక్కనే 20 మీటర్లకొకటి, ఎగిరే వరసకీ వరసకీ మధ్య 45 మీటర్లు చొప్పున తీసుకుంటూ పోతుంది. ముందు ఓవర్‌ల్యాప్ 67కి, పక్క ఓవర్‌ల్యాప్ 70 నుంచి 50కి పడిపోతాయి. పటంలో గుట్ట మీదే చిల్లులు ఎందుకని అడిగేవాళ్లకు ఇదే జవాబు. నేల వాలును అనుసరించే మోడ్ వాడాలి, లేదా స్థలాన్ని ఎత్తులవారీగా ముక్కలు చేయాలి. ఆ మోడ్ చదివే నేల నమూనాలో టవర్లు ఉండవు సుమా.

పోనీ కిందికి దిగితే అన్నీ బాగుపడతాయా? 50 మీటర్లకు దిగితే పిక్సెల్ సగమవుతుంది, వరసలు రెట్టింపవుతాయి, తమరు 5కి దిగాలి. సమయం నాలుగింతలు. 25 హెక్టార్లకు అంచులు వదిలేస్తే 280 ఫోటోల చోట 1,100 పైచిలుకు. దట్టమైన చెట్ల మీదైతే దిగడమే తప్పు: ప్రతి ఫోటోలో అదే ఆకు వేరేలా కనిపిస్తుంది, గాలికి ఊగుతుంది, సాఫ్ట్‌వేర్‌కు ఉమ్మడి బిందువులు దొరకవు. అక్కడ పైకెళ్లి ఓవర్‌ల్యాప్ పెంచడమే దారి, చాలా దేశాల్లో ఉన్న 120 మీటర్ల హద్దు లోపల.

గాలి మాటా వినండి. తమరు చూపేది నేల మీది వేగం. 8 మీటర్ల ఎదురుగాలిలో 10 నిలబెట్టడానికి డ్రోన్ గాలిలో 18 పరుగెత్తాలి, ఆ ఖర్చు బ్యాటరీది. వరసలను గాలికి అడ్డంగా గీస్తే రెండు దిక్కులా భారం ఇంచుమించు సమానం.

కాబట్టి విన్నపం: ఇకమీదట ఎత్తు, ఓవర్‌ల్యాప్, షట్టర్ నింపేదాకా తమరు బూడిద రంగులో, వేలికి చిక్కకుండా ఉండగలరు.

ఇట్లు,
తమరి మసకను భరిస్తున్నవాళ్లం

తా.క. మెమరీ కార్డు మెల్లగా రాసేదైతే రెండు సెకన్ల లెక్క మూడవుతుంది, అప్పుడు తమరు 10 నుంచి 6 దగ్గరికి జరగాలి. స్థలం వదిలి వెళ్లేముందు ఫోటోల సంఖ్యను, వాటి సమయాల మధ్య ఖాళీలను చూసుకోమని పైలట్‌కు మీరే చెప్పండి. మా మాట వినడు.