‘మనమంతా ఒక కుటుంబం’ అనేవారి చేతికి జమాఖర్చుల పుస్తకం ఇవ్వకండి

మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు మరమ్మతుకు ఎంత ఖర్చయిందని ఒకాయన వాట్సాప్ గ్రూపులో అడిగారు. మర్యాదగానే అడిగారు. గంట తిరగకముందే అధ్యక్షుల వారి జవాబు వచ్చింది: ‘మనమంతా ఒక కుటుంబం అండీ, కుటుంబంలో లెక్కలేమిటి?’ దాని కింద వరసగా దండాల బొమ్మలు. లెక్క మాత్రం రాలేదు. అడిగినాయన ఆ పూట నుంచి గొడవమనిషి అయిపోయారు.

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అసలు కుటుంబాల్లో లెక్కలుండవని వీళ్లకు ఎవరు చెప్పారో! మా పెద్దనాన్నగారి ఇంట్లో అన్నదమ్ముల మధ్య పెరటి చెట్టు కొబ్బరికాయలకు కూడా లెక్క ఉంది. అందుకే వాళ్లు ఇప్పటికీ ఒకే పంక్తిలో కూర్చుని భోంచేస్తున్నారు.

సీతమ్మధార నుంచి గాజువాక దాకా మన విశాఖలో సంఘాలకు కొదవ లేదు. అపార్ట్‌మెంట్ సంఘాలు, వినాయక చవితి కమిటీలు, పూర్వ విద్యార్థుల సంఘాలు, బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచేవాళ్ల క్లబ్బులు. చాలావాటి కథ ఒక్కటే. ప్రారంభం రోజున శాలువాలు, ఫొటోలు. కొన్నాళ్లకు గుసగుసలు. ఆ తర్వాత చీలిక, పాత పేరుకు ముందు ‘నూతన’ అని తగిలించుకున్న ఇంకో సంఘం. మధ్యలో ఒక్కరోజైనా ఎదురెదురుగా కూర్చుని గట్టిగా పోట్లాడుకున్నారా అంటే లేదు. పోట్లాడుకుని ఉంటే చీలేవి కావని నా గట్టి నమ్మకం.

ఈ నమ్మకానికి కొంత ఆధారం ఉంది. బ్రూస్ టక్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1965లో ఒక వ్యాసం రాశాడు. అప్పుడాయన ఉద్యోగం వాళ్ల నౌకాదళ వైద్య పరిశోధన సంస్థలో. కొద్దిమంది సిబ్బందితో ఓడలు నడపాల్సి వస్తే ఆ మనుషులు ఎలా మసలుకుంటారన్నది నౌకాదళానికి కావలసిన విషయం. నేవీ ఊరివాళ్లం కనుక ఆ అవసరం ఏమిటో మనకు చెప్పనక్కర్లేదు. ఆయన కొత్త ప్రయోగాలేవీ చేయలేదు, అప్పటికే అచ్చయిన 50 అధ్యయనాలను ముందేసుకుని చదివాడు. చిన్న బృందం ఎదిగే క్రమాన్ని నాలుగు దశలుగా చెప్పాడు: కూడటం, కొట్లాడుకోవడం, కట్టుబాట్లు పెట్టుకోవడం, అప్పుడు పనిలో దిగడం. ఆయన చదివినవాటిలో చాలా భాగం మానసిక చికిత్స బృందాల మీద చేసినవి. కాబట్టి ఇది వేదవాక్కేమీ కాదు, అన్ని బృందాలూ ఇదే వరసలో నడవవు కూడా. కానీ కొట్లాటను ఆయన ఎదుగుదలలో ఒక మెట్టుగా చూశాడు. మనవాళ్లకు అది ఇంటి పరువు పోయే వ్యవహారం.

ఎవరెంత ఇవ్వాలి, ఎవరి మాట చెల్లాలి, మాట తప్పితే ఏం చేయాలి? వీటి మీద వాదులాడుకోకుండా కట్టుబాటు ఎక్కడి నుంచి ఊడిపడుతుంది? కింది అంతస్తువాళ్లు లిఫ్టు ఖర్చు మేమెందుకు ఇవ్వాలంటారు. అది అడగదగ్గ ప్రశ్నే. మొదటి సమావేశంలోనే తేల్చుకుని మినిట్స్ పుస్తకంలో రాసుకుంటే ఒక్క సాయంత్రంతో పోయేది. ‘పెద్దవాళ్లం, మనలో మనకెందుకు’ అని అప్పుడు కప్పిపుచ్చారు. ఫలితంగా ఇప్పుడు మెట్ల దగ్గర ఎదురుపడితే ముఖాలు పక్కకు తిప్పుకుంటున్నారు. మన రాష్ట్ర సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 నుంచీ ఉంది. దాని కింద నమోదైన సంఘం సభ్యులను సమావేశపరచి లెక్కలు చూపాలి. అది అధ్యక్షుల వారి దయ మీద ఆధారపడిన విషయం కాదు.

‘మరి హుద్‌హుద్ తుఫాను అప్పుడు ఎంత బాగా కలిసి ఉన్నాం!’ అంటారు. నిజమే, కాదనను. 2014 అక్టోబరు 12, ఆదివారం. గాలి తగ్గాక తలుపు తీసి చూస్తే వీధిలో నిలబడి ఉన్న చెట్టు లేదు. కరెంటు లేదు, ఫోను పలకదు, మోటారు ఆడదు. ఆ రోజుల్లో మా మూడో అంతస్తు ఆయనా ఐదో అంతస్తు ఆయనా కలిసి జనరేటరుకు డీజిల్ మోశారు. అంతకుముందు వాళ్లకు పార్కింగు తగాదా. పాలప్యాకెట్లు ముందు పసిపిల్లలున్న ఇళ్లకు వెళ్లాయి, ఎవరూ అడ్డు చెప్పలేదు. కరెంటు వచ్చింది, పార్కింగు తగాదా కూడా తిరిగి వచ్చింది.

ముజఫర్ షెరీఫ్ అనే సామాజిక మనస్తత్వవేత్త 1954లో అమెరికాలోని ఓక్లహామాలో చేసిన ప్రయోగం సరిగ్గా దీని గురించే. వేసవి శిబిరానికి తెచ్చిన 22 మంది అబ్బాయిలను రెండు జట్లు చేసి పోటీలు పెడితే, జెండాలు తగలబెట్టుకునేదాకా వెళ్లారు. కలిపి కూర్చోబెట్టి భోజనం పెడితే అన్నం విసురుకున్నారు. శిబిరానికి నీళ్లు ఆగిపోయేలా చేస్తే మాత్రం రెండు జట్లూ కలిసి వెతికాయి. అయితే నీళ్లు రాగానే మళ్లీ తిట్లు. అలాంటి ఉమ్మడి అవసరాలు ఒకదాని వెనక ఒకటి పడ్డాకే వైరం తగ్గింది. ఒక్క తుఫాను మనుషులను శాశ్వతంగా కలిపేస్తుందనుకోవడం పొరపాటు. ఆ నాలుగు రోజుల మంచితనం ఉన్నప్పుడే నియమాలు రాసుకోవలసింది. మేము అందరం కలిసి ఫొటో దిగి ఊరుకున్నాం.

ఇక ఆఫీసుల సంగతి. ఏటా రుషికొండ తీరానికి తీసుకెళ్లి, ఒకే రంగు టీషర్టులు తొడిగి, తాడు లాగించి, ‘మనం ఉద్యోగులం కాదు, కుటుంబం’ అని ఉపన్యాసం ఇస్తారు. జీతం పెంపు అడిగే నెలలో ఈ చుట్టరికం ఎక్కడికి పోతుందో తెలియదు. తాడు సంగతే మాట్లాడుకుందాం. మాక్స్ రింగెల్‌మన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు 1913లో తన ప్రయోగాల ఫలితాలు ప్రచురించాడు. ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి బలం విడిగా లాగినప్పటితో పోలిస్తే సుమారు సగానికి పడిపోయింది. లయ కుదరకపోవడం ఒక కారణం. రెండోదాన్ని తర్వాతి పరిశోధకులు తేల్చారు: కళ్లకు గంతలు కట్టి, వెనక ఇంకొందరు లాగుతున్నారని నమ్మిస్తే చాలు, మనిషి తన వంతు తగ్గించేస్తాడు. ఎవరి శ్రమ ఎంతో విడిగా కొలుస్తున్నామని చెబితే ఆ బద్ధకం తగ్గుతుంది.

ఇప్పుడు అదే తీరంలో కాస్త ముందుకు నడవండి. మత్స్యకారులు పెద్ద వల లాగుతుంటారు. రెండు వైపులా తాళ్లు పట్టుకుని, ఒకే కేకకు ఒకే అడుగు వేస్తారు. లయ అలా కుదురుతుంది. ఇక పడిన చేప అమ్ముడయ్యాక వలకూ పడవకూ ఇంత, తాడు పట్టిన మనిషికి ఇంత అని పంపకం జరుగుతుంది. ఎవరెవరు తాడు పట్టారో అందరూ చూశారు. వాళ్లలో నిజంగానే బావమరుదులు, పినతండ్రి కొడుకులు ఉంటారు, అయినా వాటా వాటాయే. వాళ్లను దేవతలను చేయడం నా ఉద్దేశం కాదు. 2022 జనవరిలో చేపల గుంపును చుట్టేసే రింగు వలలు వాడేవాళ్లకూ వద్దనేవాళ్లకూ మధ్య జరిగిన గొడవలో ఇదే ఊళ్లో పడవలు తగలబడ్డాయి. లోపల గట్టిగా ఉన్న గుంపు బయటివాళ్లతో అంతే గట్టిగా తలపడగలదు. రెండు గుంపులకూ ఉన్నది ఒకే సముద్రమైనప్పుడు వాళ్ల మధ్య కూడా నియమం కావాలి.

నన్నడిగితే, మేనేజర్లను రిసార్టులకు పంపే బదులు పొదుపు సంఘాల సమావేశానికి పంపాలి. పది, పదిహేను మంది ఆడవాళ్లు. అంతకు మించితే ఒకరి సంగతి ఒకరికి తెలియదు. క్రమం తప్పని సమావేశం, పొదుపు, లోపల అప్పులివ్వడం, వాయిదా ప్రకారం కట్టడం, పుస్తకాలు రాయడం. ఇవే వాళ్ల పంచసూత్రాలు. 1992లో జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు ఇలాంటి సంఘాలను బ్యాంకులతో కలిపే పథకం మొదలుపెట్టింది. తాకట్టు లేకుండా బ్యాంకు అప్పిచ్చేది ఈ క్రమశిక్షణను చూసే. మా ఇంట్లో పనిచేసే ఆవిడ ఒక సంఘానికి లీడరు. సొంత ఆడపడుచు వాయిదా కట్టకపోతే సమావేశంలో అందరి ముందు అడిగింది. ‘తప్పలేదమ్మా, పుస్తకంలో ఖాళీ కనబడుతోంది కదా’ అంది. వదినా ఆడపడుచులు ఆ సాయంత్రమే కలిసి పైడితల్లమ్మ గుడికి వెళ్లారట. మా అధ్యక్షుల వారికి ఈ చదువు ఎవరు చెప్పాలి?

ఇంకొక్క సంగతి. టక్‌మన్ 1977లో మేరీ ఆన్ జెన్సెన్‌తో కలిసి ఐదో దశను చేర్చాడు: పనయ్యాక విడిపోవడం. మనకు ఇది అసలు చేతకాదు. హుద్‌హుద్ సాయం కోసం మా వీధివాళ్లు కలిసి పెట్టిన గ్రూపు నా ఫోనులో ఇంకా ఉంది, రోజూ అందులో పూల బొమ్మలతో శుభోదయాలు వస్తుంటాయి. అప్పుడు వసూలైన చందాల్లో కొంత మిగిలిందని అందరికీ తెలుసు. ఎంత మిగిలింది, ఎవరి దగ్గర ఉంది, పని కోసం పెట్టిన గ్రూపును ఎప్పుడు మూసేద్దాం అని ఈ రోజు అందులోనే అడిగాను. ఇప్పటికి ఏడు దండాల బొమ్మలు వచ్చాయి.